డిటాక్స్ టీతో 9 రోజులు: నా అనుభవం

మాది విజయవాడ సత్యనారాయణపురం. రెండో కాన్పు తర్వాత పెరిగిన బరువు మళ్లీ దిగలేదు, మార్చికి 78 కిలోలు. బీపీకి రోజూ మాత్ర వేసుకుంటాను. ఏప్రిల్ చివర్లో ఇంట్లో పెళ్లి, ఆలోపు కాస్తయినా తగ్గాలని ఆరాటపడుతుంటే మా అపార్ట్‌మెంట్లో తెలిసినావిడ ఒక డిటాక్స్ టీ తెచ్చిచ్చింది. 28 పొట్లాలు, 2,400 రూపాయలు. ఒంట్లో ఏళ్ల తరబడి పేరుకున్న మలినాలు బయటికి పోతే కొవ్వు దానంతటదే కరుగుతుందంది. అన్నీ ఆకులే కదా, ఆకులతో ప్రమాదం ఏముంటుందని నేనూ నమ్మాను, అందుకే బీపీ చూసే డాక్టరుగారికి చెప్పాలని కూడా తోచలేదు. డబ్బా మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు చూసి ప్రభుత్వం పరీక్షించిందనే అనుకున్నాను. అది ఆహార వ్యాపారానికి ఇచ్చే లైసెన్సు నంబరు మాత్రమే, దాన్ని బట్టి ఆ టీ బరువు తగ్గిస్తుందని ఎవరూ తేల్చినట్టు కాదు.

రాత్రి పడుకునే ముందు ఒక కప్పు తాగాలి. తెల్లారేసరికి కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, మూడు నాలుగు సార్లు బాత్రూమ్‌కి పరుగు. ఆవిడకి ఫోన్ చేస్తే విషాలు పోతున్నప్పుడు అలాగే ఉంటుంది, ఆపొద్దు అంది. ఆవిడ చెప్పిందనే అన్నం కూడా మానేశాను. తొమ్మిది రోజులకి మెషీన్ మీద 74.6 చూపిస్తే ఎంత సంతోషించానో, ఫొటో తీసి తెనాలిలో ఉన్న మా చెల్లెలికి పంపించాను.

ఆ రాత్రే రెండు పిక్కలూ పట్టేశాయి. కాలు కింద పెట్టలేక ఏడ్చేశాను, గుండె కూడా దడదడలాడుతోంది. తెల్లవారి మా అత్తయ్య ఒక పొట్లం చింపి ప్లేటులో పోసింది. పల్చగా, పసుపు కలిసిన ఆకుపచ్చ రంగులో ఎండుటాకు ముక్కలు. వేళ్లతో నలిపి వాసన చూసి, "ఇది సునాముఖి అమ్మాయ్, మా చిన్నప్పుడు విరేచనం కావడానికి ఆముదం ఇచ్చేవాళ్లు, లేదంటే ఈ ఆకు. దీన్ని రోజూ తాగుతున్నావా?" అంది. డబ్బా వెనక చీమ తలకాయంత అక్షరాల్లో సెన్నా అని ఉంది. రెండూ ఒకటేనని నాకు అప్పటిదాకా తెలియదు.

సూర్యారావుపేటలో డాక్టరుగారు వెంటనే రక్తపరీక్ష చేయించారు. పొటాషియం అంటే కండరాలు, గుండె సరిగ్గా పనిచేయడానికి రక్తంలో ఉండాల్సిన లవణం. అది 3.5కి తగ్గకూడదు, నాకు 2.9. విరేచనాలతో అది పోతుంది, పైగా నా బీపీ మాత్రలో ఒంట్లో నీరు పోయేలా చేసే మందు ఉంది, దానివల్లా పోతుంది, రెండూ కలిసి నన్ను ఇక్కడిదాకా తెచ్చాయి. టీ ఆపించి పొటాషియం సిరప్ రాశారు. నన్ను కూర్చోబెట్టి ఆయన చెప్పిన లెక్క ఇది. కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలుంటాయి. 3.4 కిలోల కొవ్వంటే 26,000 పైమాటే. ఏమీ తినకుండా పడుకున్నా, నడిచినా నా ఒళ్లు రోజుకి 1,800 అటూ ఇటూగా ఖర్చు పెడుతుంది, తొమ్మిది రోజులకి 16,000 చిల్లర. మరి పోయిందేంటమ్మా అని ఆయనే అడిగి ఆయనే చెప్పారు: నీళ్లు, మలం. సునాముఖి పనిచేసేది పెద్దపేగు మీద, మనం తిన్నదాంట్లో కేలరీలు చాలావరకు అంతకు ముందే చిన్నపేగులో ఒంటికి పట్టేస్తాయి. అన్నం మానేస్తే కాలేయంలో, కండరాల్లో దాచుకున్న పిండిపదార్థం ఖర్చవుతుంది, ఒక్కో గ్రాముతో పాటు మూడు గ్రాముల దాకా నీరు పోతుంది. ఇక ఏళ్లనాటి మలినాల సంగతంటారా, పేగు లోపలి పొర కొన్ని రోజులకొకసారి కొత్తదవుతూ ఉంటుంది, మూత్రపిండాలు రోజుకి 180 లీటర్ల దాకా వడపోస్తాయి. ఈ శుభ్రం చేసే పని ఒళ్లు ఎప్పుడూ ఆపలేదు.

వారం తిరిగేసరికి 77.5. నిజం చెప్పాలంటే కాళ్ల నొప్పికంటే ఆ అంకె చూసి ఎక్కువ బాధపడ్డాను. పెళ్లికి అలాగే వెళ్లాను.

తర్వాత చేసింది మామూలు పనే. అన్నం కప్పుతో కొలిచి పెట్టుకుని పప్పు, కూర పెంచాను, నెలకి వాడే నూనె సగానికి తెచ్చాను, పొద్దున్నే తాగే నిమ్మరసంలో తేనె మానేశాను (పెద్ద చెంచా తేనెలో 60 కేలరీలుంటాయి, అది కొవ్వు కరిగిస్తుందనుకుని రెండేళ్లు తాగాను), సాయంత్రం స్టేడియం చుట్టూ 40 నిమిషాలు నడక. కొన్ని వారాలు మెషీన్ అసలు కదల్లేదు. అక్టోబరుకి 72.8 వచ్చింది, పిక్కలు మళ్లీ పట్టలేదు.

ఈలోపు నేను పంపిన ఆ ఫొటో చూసి మా చెల్లెలు అదే టీ ఆర్డర్ పెట్టిందని తెలిసింది. నా రక్తపరీక్ష కాగితం, డబ్బా మీద సెన్నా అన్న చోట గీత గీసి ఆ ఫొటో, రెండూ పంపించి ఫోన్ చేశాను. తనూ బీపీకి మాత్ర వేసుకుంటుంది, దాని పేరు చదవమంటే చదివింది. నాదీ అదే మాత్ర. లైన్లో ఉండగానే ఆర్డర్ రద్దు చేయించాను.