లాంజ్‌లో ఎనిమిది మందికి టేబుల్: ఫోన్ చేసిన దగ్గర్నుంచి బిల్లు కట్టేదాకా నా అనుభవం

ఎనిమిది మంది కలిసి ఒక ఖరీదైన లాంజ్‌కి, అంటే సోఫాలు, పాటలు ఉండే బార్‌కి వెళ్లి, హాయిగా కూర్చుని, బిల్లు దగ్గర తగువు లేకుండా బయటపడాలంటే అసలు పనంతా మూడు రోజుల ముందు ఫోన్లోనే చేసుకోవాలి. ఈమధ్య ఆ బాధ్యత నా మీద పడింది. ఏం అడిగానో, ఏం అడగడం మర్చిపోయానో వరసగా చెబుతాను.

ఫోన్ చేయగానే అందరూ అడిగేది "శనివారం టేబుల్ ఉందా" అని. నేనూ అక్కడే మొదలుపెట్టాను. కానీ అసలు అడగాల్సింది టేబుల్ ఎక్కడుందని. స్పీకర్ ముందున్న సోఫా చూడ్డానికి గొప్పగా ఉంటుంది, పక్కవాడి మాట మాత్రం వినబడదు. బార్ కౌంటర్ పక్కదైతే రాత్రంతా జనం భుజాలు రాసుకుంటూ పోతుంటారు. గోడవారగా, స్పీకర్లకు ఎదురుగా కాకుండా ఉన్న టేబుల్ అడిగి తీసుకున్నాను. ఎనిమిది మందికి ఒకే పొడవాటి సోఫా కంటే ఎల్ ఆకారంలో ఉన్న సీటింగ్ నయం. పొడవు సోఫాలో ఈ చివర ఉన్నవాళ్లకి ఆ చివర ఉన్నవాళ్లు కనబడరు.

తర్వాత డబ్బు సంగతి. కవర్ చార్జ్ వేరు, మినిమమ్ స్పెండ్ వేరు. కవర్ చార్జ్ లోపలికి వెళ్లడానికి కట్టేది. కొన్ని చోట్ల దాన్ని బిల్లులో సర్దుతారు, కొన్ని చోట్ల సర్దరు. మినిమమ్ స్పెండ్ అంటే ఆ టేబుల్ మీద కనీసం ఇంత ఆర్డర్ పెడతామని మనం ఒప్పుకున్న మొత్తం. అది మనిషికా, టేబుల్‌కా అని అడిగాను. తిండి కూడా కలుస్తుందా అని అడిగాను. పన్నులు, సర్వీస్ చార్జ్ అందులోకి వస్తాయా అని మాత్రం అడగలేదు. దెబ్బ అక్కడే తగిలింది.

ఒప్పుకున్న మొత్తం 100 అనుకోండి. టేబుల్ మీదున్న లెక్క 100 దాటిందని ధైర్యంగా ఉన్నాం. తీరా చూస్తే అందులో తిండి, తాగుడు కలిపి 82 మాత్రమే, మిగతాది పన్ను, సర్వీస్ చార్జ్. మినిమమ్ స్పెండ్‌కి లెక్కలోకి వచ్చేది ఆ 82. తక్కువైన 18 బిల్లులో విడిగా పడింది, దాని మీద మళ్లీ పన్ను. వాళ్ల తప్పు కాదు, షరతుల్లో ఉంది. ఆ 18కి ఇంకో రెండు ప్లేట్లు తెప్పించుకుని ఉంటే సరిపోయేది. అందుకే మాట్లాడిందంతా మెసేజ్‌లోనో మెయిల్‌లోనో రాయించుకోవాలి: తేదీ, టైమ్, మంది, టేబుల్ ఎక్కడ, మినిమమ్ ఎంత, అందులో ఏవి కలుస్తాయి, ఎంతసేపు ఆలస్యమైతే టేబుల్ వదిలేస్తారు. ఈ చివరిది చాలామంది పట్టించుకోరు. పావుగంట, ఇరవై నిమిషాలు దాటితే వేరేవాళ్లకి ఇచ్చేసే చోట్లు ఉన్నాయి.

డోర్ దగ్గర ఆగిపోయేది ముఖ్యంగా రెండింటి వల్ల: చెప్పులు, ఐడీ. మగవాళ్లు పాదం మొత్తం మూసి ఉండే బూట్లు వేసుకోవాలి, షార్ట్స్ వద్దు. ఐడీ ఒరిజినల్ ఉండాలి. ఫోన్లో ఫొటో చూపిస్తే ఒప్పుకోని చోట్లు చాలా ఉన్నాయి. వయసు పెద్దదే కదా, ఎవరడుగుతారులే అని ఇంట్లో వదిలి రావద్దు. లోపలికి ఇద్దరు ముగ్గురుగా వెళ్తే బుకింగ్ ఎవరి పేరు మీదుందో చెప్పలేక నిలబడాల్సి వస్తుంది. అందుకే బయట అందరం కలుసుకుని ఒకేసారి లోపలికి వెళ్లాం.

ఇక తాగడం. సీసా తీసుకుంటే చవకని ఎవరో ఒకరు అంటారు, లెక్క చూడండి. 750 మి.లీ. సీసాలో 30 మి.లీ. స్మాల్స్ 25 వస్తాయి. ఎనిమిది మందిలో అందరూ అదే తాగితే మనిషికి మూడు. మాలో ఇద్దరు మద్యం ముట్టరు, ఇద్దరు కాక్‌టెయిల్స్ అన్నారు. మిగిలిన నలుగురికి సీసా అంటే తలా ఆరు, చాలా ఎక్కువ. మిగిలింది ఇంటికి పట్టుకెళ్లనివ్వని చోట అది వృథా. అందుకని గ్లాసుల లెక్కనే చెప్పాం. సీసా తీసుకునేవాళ్లు సోడా, టానిక్ ఎన్ని కలిపి ఇస్తారో ముందే అడగాలి, లేకపోతే ఒక్కొక్కటీ విడిగా బిల్లులో పడుతుంది.

కాక్‌టెయిల్ గ్లాసు సైజు చూసి మోసపోతారు, ఇది కాస్త వివరంగా చెప్పాలి. నెగ్రోనీ అనే కాక్‌టెయిల్ చిన్న గ్లాసులో వస్తుంది. అందులో జిన్ 30, కాంపారీ (చేదుగా ఉండే ఎర్ర మద్యం) 30, తీపి వెర్మూత్ (మూలికలు కలిపిన వైన్) 30 మి.లీ. మూడింట్లో ఉన్న ఆల్కహాల్ కలిపితే సుమారు 19 గ్రాములు, అంటే 40 శాతం విస్కీ రెండు స్మాల్స్ అంత. పొడుగు గ్లాసులో కోలా రంగులో వచ్చే లాంగ్ ఐలాండ్ ఐస్‌డ్ టీలో ఐదు రకాల మద్యం 15 మి.లీ. చొప్పున పోస్తారు. అది రెండున్నర స్మాల్స్. కోలా, నిమ్మరసం వల్ల ఘాటు తెలియదు. శరీరం గంటకి సుమారు ఒక స్మాల్ మాత్రమే కరిగించుకోగలదు. కాఫీ తాగినా, మొహం కడుక్కున్నా ఆ వేగం పెరగదు. ఖాళీ కడుపుతో తాగితే రక్తంలోకి త్వరగా ఎక్కుతుంది కాబట్టి మొదటి ఆర్డర్‌లోనే తిండి చెప్పేశాను. ప్రతి గ్లాసుకీ మధ్య ఒక గ్లాసు మంచినీళ్లు అన్నది కూడా గట్టిగా పాటించాం.

రద్దీ వేళలో ఎనిమిది మంది ఎనిమిది రకాలు చెబితే ఇరవై నిమిషాలు ఎదురుచూడాలి. నిమ్మరసం, గుడ్డు తెల్లసొన పడే డ్రింకులు ఒక్కొక్కటీ షేకర్‌లో కొట్టాలి. అందరం కలిసి రెండు మూడు రకాలకి కట్టుబడితే ఒకే విడతలో వచ్చాయి. ఐస్ కూడా గమనించండి: ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే విస్కీ కాక్‌టెయిల్‌లో ఒకే పెద్ద గడ్డ వేసి ఇస్తే అది నిదానంగా కరుగుతుంది, చివరి గుక్క దాకా రుచి నిలుస్తుంది. చిన్న ముక్కలు వేస్తే పావుగంటలో పల్చబడుతుంది.

శబ్దం గురించి ఎవరూ చెప్పరు. అమెరికాలో కార్మికుల ఆరోగ్యాన్ని చూసే నియోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు ఉండొచ్చు, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. అంటే 100 దగ్గర పావుగంటే. ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ జేబులో పెట్టుకెళ్లాను, డాన్స్ ఫ్లోర్ వైపు వెళ్లినప్పుడల్లా పెట్టుకున్నాను.

బిల్లు చివర్లో ఒక్కసారే చూడటం నా రెండో తప్పు. సగం రాత్రికి ఒకసారి నడుస్తున్న బిల్లు తెమ్మనాలి. అప్పటికి ఆర్డర్లన్నీ గుర్తుంటాయి, మినిమమ్‌కి ఎంత తక్కువుందో పన్ను లేకుండా లెక్క తేలుతుంది. టేబుల్ తరఫున ఆర్డర్ చెప్పేది ఒక్కరే అయితే పొరపాట్లు తగ్గుతాయి. సర్వీస్ చార్జ్ బిల్లులో ఉందో లేదో చూశాకే టిప్ సంగతి. ట్యాబ్, అంటే చివర్లో ఒకేసారి కట్టే లెక్క, తెరిచేటప్పుడు కార్డు మీద కొంత మొత్తం హోల్డ్ పెడతారు. డెబిట్ కార్డయితే ఖాతాలో సొంత డబ్బే ఆగిపోతుంది, అందుకే క్రెడిట్ కార్డు ఇచ్చాను.

మూసే టైమ్‌కి అరగంట ముందే లేచాం. ఆఖరి నిమిషంలో అందరూ ఒకేసారి క్యాబ్ పిలుస్తారు, రేటు పెరుగుతుంది, వేసుకొచ్చిన చలికోట్లు అప్పగించిన కౌంటర్ దగ్గరా వరసే. మందు తాగనివాళ్లలో ఒకరు కారు తీశారు, మిగతావాళ్లకి క్యాబ్ లోపల కూర్చునే బుక్ చేశాం. బిల్లు, కార్డు స్లిప్ రెండూ ఫొటో తీసి ఉంచాను. ట్యాబ్ హోల్డ్ బ్యాంకు వదిలి, అసలు మొత్తం ఒక్కటే స్టేట్‌మెంట్‌లో మిగిలిందని చూసుకునేదాకా అవి చెరపలేదు.