అర మిల్లీమీటరు తేడా

రాత్రి పదిన్నరకి రెండో డబ్బా బ్రేక్ ఆయిల్ కూడా షెడ్డు నేల తాగేసింది. పెడల్ నాలుగుసార్లు గట్టిగానే నిలబడింది, ఐదోసారి కాలు నేరుగా ఫ్లోరుకి తగిలింది. మొన్న వేసిన ఛాసిస్ పెయింటు ఆ ఆయిల్‌కి పొరలు పొరలుగా లేచిపోయింది.

నాన్న పొదలకూరు నిమ్మ మార్కెట్‌కి తోలిన 1974 మహీంద్రా జీపు ఇది, వెనక కోసి పికప్ కట్టించారు. దీని ముందు చక్రాలకి పాత డ్రమ్ము బ్రేకులు తీసేసి డిస్కు బ్రేకులు పెడుతున్నా. డిస్కులు, వాటిని పట్టి ఆపే కాలిపర్లు పోయిన వారమే కూర్చున్నాయి. చక్రం ఎక్కడా రాసుకోవడం లేదు. ఇక మిగిలింది ఛాసిస్ పైపు నుంచి కాలిపర్‌కి ఆయిల్ తెచ్చే రబ్బరు హోసులే కదా అనుకున్నా.

కాలిపర్లు స్క్రాప్‌లో తెచ్చినవి, బొలేరోవని అమ్మినతను అన్నాడు. కొలిస్తే హోసుని కాలిపర్‌కి బిగించే బోలు బోల్ట్, అదే బ్యాంజో బోల్ట్, మర పది మిల్లీమీటర్లు, పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం) ఒకటి. నెల్లూరు ఆటోనగర్‌లో దానికి సరిపడే హోసు దొరికింది. ఒక కొస బ్యాంజో, రెండో కొస లోపలి మర. ఛాసిస్ పైపు నట్టు అందులోకి పానా లేకుండా చేత్తోనే దిగింది. అక్కడే అనుమానం రావాల్సింది.

కారగానే నేను బ్యాంజో మీద పడ్డా. కాపర్ వాషర్లు మార్చా, కారింది. ఇంకో జత ఎర్రగా కాల్చి మెత్తబరిచి వేశా, మళ్ళీ కారింది. ఈ పొద్దున అంతా తుడిచి, ఆరబెట్టి, ముగ్గుపిండి చల్లి తమ్ముణ్ణి పెడల్ తొక్కమన్నా. బ్యాంజో చుట్టూ పిండి తెల్లగానే ఉంది. తడి మొదలైంది పైన ఛాసిస్ నట్టు దగ్గర!

విప్పి వెర్నియర్ పెడితే నట్టు 9.5, హోసు మర 10. జీపుది అంగుళాల లెక్క నట్టు: మూడు బై ఎనిమిది, అంగుళానికి 24 మరలు. అంటే పిచ్ 1.058. నాలుగు మరల మీద పిచ్ కొలిచే థ్రెడ్ గేజ్‌లో మిల్లీమీటర్ల ఆకు, అంగుళాల ఆకు రెండూ సరిపోయినట్టే కూర్చుంటాయి. పది మరలకి గానీ అర మిల్లీమీటరు తేడా బయటపడదు. పళ్ళు అంచుల మీద మాత్రమే పట్టుకుని, గట్టిగా తొక్కగానే జారిపోయాయన్నమాట. అదొక్కటే కాదు. పాత పైపు మూతి గరాటులా విచ్చుకున్న డబుల్ ఫ్లేర్, హోసు లోపలి సీటేమో మూతి బుడగలా ఉబ్బే బబుల్ ఫ్లేర్‌ది. మర కలిసినా మూతి కలిసేది కాదు.

మెకానిక్ భాయ్ "టెఫ్లాన్ టేపు చుట్టబ్బయా, నిలబడద్ది" అన్నాడు. ఇక్కడ ఆయిల్‌ని ఆపేది మూతి, మర కాదు. పైగా టేపు ముక్క ఊడి లోపలికి పోతే అదో తలనొప్పి. పొక్లెయినర్ పైపులు కట్టే షాపులో పది నిమిషాల్లో హోసు చేసిస్తామన్నారు. దానికీ వద్దన్నా. హైడ్రాలిక్ పైపు లోపలి నైట్రైల్ రబ్బరు బ్రేక్ ఆయిల్‌కి ఉబ్బుతుంది, బ్రేకులకి ఈపీడీఎం రబ్బరే కావాలి.

మధ్యాహ్నం కుడి పైపు కొస కోసి, పది మిల్లీమీటర్ల నట్టు ఎక్కించి, బబుల్ ఫ్లేర్ కొట్టా. ఆన్‌లైన్‌లో కొన్న చవక టూల్ మూడు మూతులు పాడుచేసింది. పక్క షెడ్డులో అడిగి తెచ్చిన పాత ఇనుప టూల్‌తో నాలుగోది కుదిరింది. సీల్ విప్పని బాష్ డాట్ 4 పోశా, ఆయిల్ విషయంలో నేను బేరాలాడను. కుడిపక్క పొడిగా ఉంది.

అంతా అయ్యాక జాకీ ఎత్తి, చక్రం వేలాడదీసి, స్టీరింగ్ చివరిదాకా తిప్పా. హోసు వీణ తీగలా బిగిసింది. బండి నేల మీదున్నప్పుడు కొలిస్తే 340 మిల్లీమీటర్లు వచ్చింది కదా అని 380ది కొన్నా. వేలాడినప్పుడు 390 కావాలి. అందుకని ఎడమపక్క విప్పలేదు. ఆదివారం చెన్నై జీపీ రోడ్డులో 420 జత వెతకాలి, లోపలివైపు తిప్పినప్పుడు టైరుకి తగలకుండా ఒక క్లిప్పు కూడా. ఆ తర్వాత పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ విప్పాలి. డ్రమ్ముల కోసం పైపులో కాస్త ప్రెషర్ నిలిపే వాల్వ్ అందులోనే ఉంటే డిస్కులు పట్టేస్తాయి.