చెప్పులు విప్పి లోపలికి రండి: ఒక కొరియన్ వాక్యం నేర్పిన వ్యాకరణం

దక్షిణ కొరియాలోని దేజన్ నగరంలో మేము అద్దెకు దిగిన వీధి చివర ఒక చిన్న భోజనశాల ఉంది. నేల మీద కూర్చుని తినే పాత పద్ధతి వాళ్ళది. గుమ్మం పక్కన చేత్తో రాసిన కాగితం ఒకటి అంటించి ఉండేది: "షిన్‌బారుల్ బొత్కో దురొఓసెయో." మా వారి పరిశోధన ఉద్యోగం కోసం వచ్చిన తొలి నెలలో నేను కూడబలుక్కుని పూర్తిగా చదవగలిగిన మొదటి వాక్యం అదే. చెప్పులు విప్పి లోపలికి రమ్మని దాని అర్థం. అర్థం ఆ రోజే తెలిసింది. అందులోని ప్రతి ముక్కా అక్కడ ఎందుకుందో తెలియడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది.

అక్షరాలు కష్టపెట్టలేదు. సేజోంగ్ రాజు 1443లో రూపొందించి 1446లో ప్రజలకు ప్రకటించిన కొరియన్ లిపి హాంగుల్‌లో ఇప్పుడు మూల హల్లులు 14, మూల అచ్చులు 10. హల్లుకు అచ్చు చేర్చి ఒక ముద్దగా రాయడం గుణింతం దిద్దిన చేతికి కొత్త కాదు. ఇబ్బందంతా ఉచ్చారణలో వచ్చింది. కాగితం మీద "షిన్‌బాల్" (చెప్పులు), "ఉల్" (మన "ను" లాంటి విభక్తి) అని విడివిడిగా ఉంటుంది, నోటితో "షిన్‌బారుల్" అనాలి. "బొస్" అని రాసి ఉన్నచోట "బొత్" అనాలి. ఇది సంధి అని గ్రహించాక భయం పోయింది. మనం "అతడు ఎక్కడ" అన్నది కలిసి "అతడెక్కడ" అయితే అలాగే కలిపి రాస్తాం. వాళ్ళు పదాల అసలు రూపం చెడకుండా రాసి, పలికేటప్పుడు మాత్రం కలుపుతారు.

నేను మొదట చదివింది ఇంగ్లిషులో రాసిన వ్యాకరణ పుస్తకం. అది ప్రతి కొరియన్ వాక్యాన్నీ తోక నుంచి తలకు తిప్పి వివరించేది. క్రియ చివర ఎందుకు వస్తుందో, విభక్తి నామవాచకం వెనక ఎందుకు అంటుకుంటుందో పేజీలకు పేజీలు చెప్పేది. అవన్నీ వింతలనే నమ్మి పట్టికలు బట్టీ పట్టాను. నా సొంత భాషలో ఉన్నవాటినే ఇంకొకరి కళ్ళతో చూసి వింతలనుకున్నానని తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

తర్వాత విదేశీయుల కోసం అక్కడి న్యాయ మంత్రిత్వ శాఖ నడిపే సామాజిక సమైక్యతా కార్యక్రమంలో చేరాను. అందులో ఒకటి నుంచి నాలుగో దశ వరకు ఒక్కొక్క దశకు 100 గంటల తరగతులు. ఒక మధ్యాహ్నం తరగతి మొదలయ్యే ముందు ఉపాధ్యాయురాలు నన్ను పలకరించారు: "షిక్సా హాష్యొస్సొయో?" భోజనం చేశారా అని. నేను ఉత్సాహంగా "నే, షిక్సా హాష్యొస్సొయో" అన్నాను. ఆమె మెల్లగా తల ఊపి, "హెస్సొయో" అని దిద్దారు. ఆమె మాటలో ఉన్న "షి" నా మాటలో ఉండకూడదట. అది ఎదుటివారికీ పెద్దలకూ ఇచ్చే గౌరవం, మన గురించి మనం చెప్పుకునేటప్పుడు రాదు. మరి చివరి "యో" కూడా మర్యాదే కదా, దాన్నెందుకు ఉంచారు? ఆ ప్రశ్నతో ఇంటికి వచ్చాను.

జవాబు అమ్మ ఫోనులో దొరికింది. మాది గోదావరి జిల్లా. మాటకు "అండి" చేర్చకపోతే మాకు వాక్యం ముగిసినట్టే ఉండదు. అమ్మ నాతో మాట్లాడుతూనే పక్కింటావిడకు ఏదో జవాబు చెబుతోంది: "ఆయన ఇప్పుడే వచ్చారండి. అబ్బాయి ఇంకా రాలేదండి. నేను వండేశానండి." ఫోను చెవి దగ్గర పెట్టుకుని అలాగే ఉండిపోయాను. "వచ్చారు"లోని "రు" నాన్నకు దక్కిన గౌరవం. "అండి" వింటున్న పక్కింటావిడకు. తమ్ముడికి "రు" లేదు, అయినా "అండి" ఉంది. "నేను" అన్నప్పుడు "రు"కు చోటే లేదు, "అండి" మాత్రం నిలిచే ఉంది.

ఎవరి గురించి మాట్లాడుతున్నామో వాళ్ళకు "షి", ఎవరితో మాట్లాడుతున్నామో వాళ్ళకు "యో". నాన్నగారు వచ్చారండి: "అబొజీగా ఓష్యొస్సొయో." తమ్ముడు వచ్చాడండి: "తోంగ్‌సెంగి వాస్సొయో." నేను వచ్చానండి: "చేగా వాస్సొయో." ఆ రాత్రి పుస్తకం ముందు వేసుకుని యాభై వాక్యాలు రాశాను, ఒక్కదానిలోనూ తడబడలేదు. గుమ్మం మీది "ఓసెయో"లో "రా" అనే ధాతువు ఉంది, లోపలికి వచ్చేవారి మీది గౌరవం ఉంది, ఆ కాగితం చదివేవారి మీది మర్యాద ఉంది. వచ్చేవారూ చదివేవారూ ఒకరే కాబట్టి రెండూ ఒక్కచోట ముడిపడ్డాయి. మన "రండి" ఆ రెంటినీ విడదీయకుండా ఒక్క ముక్కలో చెబుతుంది.

"బొత్కో" మాత్రం నన్ను చాలాకాలం తిప్పింది. "విప్పి" అనడానికి కొరియన్‌లో రెండు దారులు కనిపిస్తాయి: "బొత్కో", "బొసొసొ". ఇంటిపనిలో రెండోది రాశాను, ఎర్రగీత పడింది. ఉపాధ్యాయురాలు పండ్ల ఉదాహరణ చెప్పారు. చేతులు కడుక్కుని తినండి అన్నప్పుడు "కో" వస్తుంది, ఎందుకంటే కడిగింది చేతులను, తినేది మరొకటి. యాపిల్ కడిగి తినండి అన్నప్పుడు "సొ" వస్తుంది, కడిగిన ఆ పండునే తింటాం కాబట్టి. మొదటి పని ఫలితం రెండో పనిలోకి నేరుగా సాగితే "సొ", ఒకటి ముగించి మరొకటి చేస్తే "కో". విప్పిన చెప్పులు గుమ్మం దగ్గరే ఉండిపోతాయి, మనం లోపలికి వెళ్తాం. కాబట్టి "కో". మన "విప్పి", "కడిగి"లలోని "-ఇ" రెండు పనులూ ఒక్కటే మోస్తుంది, అందుకే ఈ తేడా మనకు తట్టదు.

కారణం చెప్పేటప్పుడు మాత్రం తెలుగే నన్ను ఒడ్డున పడేసింది. "సొ"తో కారణం చెప్పి ఆజ్ఞ ఇవ్వకూడదని అక్కడ నియమం. "వాన పడి ఆలస్యమైంది" అంటాం. "వాన పడి గొడుగు తీసుకెళ్ళండి" అనం, "వాన పడుతోంది కాబట్టి" అంటాం. కొరియన్‌లోనూ మొదటిదానికి "వాసొ", రెండోదానికి "ఓనిక్కా". ఈ నియమం మీద తోటి విద్యార్థులు ఎంతో కుస్తీ పట్టారు, నాకు చెవే చెప్పేసింది.

ఇక సహాయక క్రియలు. రుచి చూడమనడానికి "మొగొ బోసెయో" అంటారు, అక్షరాలా "తిని చూడండి". మన "తినేశాను"లోని "వేయు" చేసే పనిని వాళ్ళ "బొరిదా" చేస్తుంది, దాని అర్థం పారవేయడమే. అపార్ట్‌మెంట్ నోటీసు అర్థంకాక పొరుగింటి పెద్దావిడ దగ్గరకు తీసుకెళ్ళి "ఇల్గొ జుసెయో" అన్నాను. "జుదా" అంటే ఇవ్వడం. ఆ మాటను నేను మనసులో "చదివి పెట్టండి" అనుకునే అన్నాను. ఆ పని నా కోసం కాబట్టి "జుసెయో". అదే బస్సులో ఆవిడకు సీటు ఇచ్చేటప్పుడు "ఆంజుసెయో" చాలు, కూర్చోవడం ఆవిడ సుఖం కోసం కాబట్టి.

అన్నీ ఇంత చక్కగా పొసగవు. ఒక దంతవైద్యశాలలో నర్సు నన్ను "యొగి నుఉషిల్కెయో" అన్నారు. "షి" ఎదుటివారికి, "ల్కెయో" తాను చేస్తానని తానిచ్చే మాటకు. కలిపితే "ఇక్కడ తమరు పడుకుంటానండి" అన్నట్టు ఉంటుంది. ప్రామాణిక వ్యాకరణం దీన్ని తప్పంటుంది, అయినా ఆస్పత్రుల్లో, క్షౌరశాలల్లో తరచు వినిపిస్తుంది. నాకు ఆ మాట మీద కోపం రాలేదు. ఆజ్ఞ ఇవ్వడానికి మొహమాటపడే మనిషి వెతుక్కున్న దారి అది.

"దురొ" గురించి కూడా చెప్పాలి. "దుల్దా" అనే క్రియకు లోపలికి ప్రవేశించడమని అర్థం. "దురొఓసెయో"ను మాట మాట పెట్టి తెలుగు చేస్తే "దూరి రండి" అవుతుంది! ఇది చూసి రెండు రోజులు నాకు నిద్ర పట్టలేదు. కొరియాలో పనిచేసిన హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ 20వ శతాబ్దం తొలి సంవత్సరాల్లోనే కొరియన్‌ను ద్రావిడ భాషలతో పోల్చారు. భాషాశాస్త్రవేత్తలు ఆ చుట్టరికాన్ని అంగీకరించలేదు. ధ్వనులు ఒక క్రమం తప్పకుండా సరిపోలితేనే అది బంధుత్వం, నాలుగు మాటలు ఒకేలా వినిపిస్తే చాలదు. ఆ మాట న్యాయమైనదే. కాబట్టి "దూరి" నాకు దొరికిన జ్ఞాపక సాధనం, అంతవరకే.

పోయిన దీపావళికి తరగతి మిత్రులనూ ఇక్కడి తెలుగువాళ్ళనూ భోజనానికి పిలిచాం. తలుపుకు ఒక కాగితం అంటించాను. పైన హాంగుల్‌లో నాలుగు ముక్కలు విడివిడిగా రాశాను: షిన్‌బారుల్, బొత్కో, దురొ, ఓసెయో. ఒక్కొక్కదాని కింద తెలుగు రాసుకుంటూ వచ్చాను: చెప్పులు, విప్పి, లోపలికి, రండి. ఒక్క మాటకూ చోటు మార్చవలసిన అవసరం రాలేదు.