కొండనాలుక పక్కన పులిపిరి

గత వేసవిలో ఒక ఉదయం నాలుక గీసుకుంటూ అద్దంలో చూసుకున్నప్పుడు, కొండనాలుకకు ఎడమవైపున సద్దగింజంత తెల్లని బొడిపె కనిపించింది. ఫోన్ టార్చి వేసి చూస్తే అది నున్నగా లేదు; కాలీఫ్లవర్ తుంపులా గరుకుగా విచ్చుకొని, సన్నని కాడతో వేలాడుతోంది. నొప్పి లేదు, మింగడానికి అడ్డమూ లేదు. మా అమ్మ చూసి, "పులిపిరి రా, గుర్రపు వెంట్రుక కడితే రాలిపోతుంది" అన్నది. నోట్లో ఎట్లా కట్టేదో ఆమె చెప్పలేదు గాని, జబ్బు పేరు మాత్రం డాక్టర్ల కంటే ముందు తానే సరిగ్గా చెప్పిందని తర్వాత తెలిసింది.

తిరుపతిలో రోజంతా పిల్లలకు లెక్కలు చెప్పి బతికేవాడికి గొంతే పెట్టుబడి. పొగాకు అలవాటు లేకపోయినా క్యాన్సరేమోనన్న భయం ఒక్క రాత్రిలో ఇల్లంతా నిండింది. నేను మొదట వెళ్ళిన క్లినిక్‌లో సహాయకుడు పదిమంది వింటుండగా "బయటి అలవాట్లు ఏమైనా ఉన్నాయా?" అని అడిగాడు. నేను మారు మాట్లాడకుండా ఇంటికి వచ్చేసి, రెండు వారాలు మరే డాక్టరునూ కలవలేదు.

చివరికి చూపించుకున్న చెవి, ముక్కు, గొంతు నిపుణురాలు, దాన్ని తీసి పరీక్షకు పంపడమే మేలన్నారు. గొంతులో మందు చల్లి, సూది వేసి, కాడ మొదట్లో కత్తిరించి, ఆ చోట కాల్చారు. పది నిమిషాల పని. ఫార్మలిన్ సీసాలో తేలుతున్న ఆ ముక్కను చూసినప్పుడు, ఇంత చిన్నదానికా నేను నిద్ర మానుకున్నది అనిపించింది. నాలుగు రోజులు చల్లారిన రాగి అంబలి, పెరుగన్నం, గోరువెచ్చని ఉప్పునీటి పుక్కిలింత. ఊరగాయ జాడీ వైపు చూడనే లేదు.

వారానికి రిపోర్టు వచ్చింది. స్క్వామస్ పాపిలోమా, అంటే అమ్మ చెప్పిన పులిపిరే; క్యాన్సర్ లక్షణాలు లేవు. అయితే కింద హెచ్‌పీవీ అనే మూడక్షరాలు కనిపించాయి. అది పులిపిర్లు కలిగించే, లైంగికంగా సంక్రమించే వైరస్ అని ఫోన్‌లో చదివి, కాగితాన్ని పరీక్ష పేపర్ల కట్ట కింద దాచి, నాలుగు రోజులు మా ఆవిడతో సరిగ్గా మాట్లాడలేకపోయాను. తప్పు చేయకుండానే దొంగలా తిరిగాను.

కట్ట సర్దుతూ ఆమే దాన్ని చూసింది. "ఈ కాయితం కోసమా నాలుగు దినాలుగా మొగం చాటేసుకోని ఉండారు?" అని, మరునాడు నన్ను వెంటబెట్టుకొని డాక్టరు దగ్గరకు వచ్చింది.

డాక్టరు చెప్పిన మాటల్లో ముఖ్యమైనది ఇది: ఈ వైరస్ ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో చెప్పగల పరీక్ష లేదు. రెండు వందలకు పైగా రకాలున్నాయి. నాకు వచ్చినటువంటి బొడిపెల్లో సాధారణంగా కనిపించేవి 6, 11 రకాలు, గొంతు క్యాన్సర్‌కు ప్రధానంగా కారణమయ్యేది 16వ రకం. ఏ జబ్బూ లేనివాళ్ళ నోళ్ళలోనూ ఈ వైరస్ ఉంటుంది. అమెరికాలో 2009-10 ఆరోగ్య సర్వేలో 14 నుంచి 69 ఏళ్ళ వారిచేత 30 సెకన్లు మౌత్‌వాష్ పుక్కిలింపజేసి పరీక్షిస్తే, నూటికి దాదాపు ఏడుగురిలో ఏదో ఒక రకం, ఒకరిలో 16వ రకం కనిపించాయట. ఏదో ఒక రకం ఉండడం పురుషుల్లో స్త్రీల కంటే దాదాపు మూడు రెట్లు. అత్యధికులలో శరీరమే ఈ వైరస్‌ను ఒకటి రెండేళ్ళలో వదిలించుకుంటుంది. లెక్కల మాస్టారును కనుక, ఏ ఓదార్పు కన్నా ఆ ఏడు శాతమే నన్ను ఎక్కువ కుదుటపరిచింది.

ఈ వైరస్‌కు ఉన్న టీకా నాకూ వేస్తారా అని అడిగితే, అది రాకుండా అడ్డుకుంటుందే తప్ప వచ్చినదాన్ని పోగొట్టదని చెప్పారు. మా ఆవిడ వెంటనే మా అమ్మాయి సంగతి ఎత్తింది. దానికి పదమూడేళ్ళు. పదిహేను నిండకముందే మొదలుపెడితే ఆరు నెలల ఎడంతో రెండు డోసులు చాలన్నారు. మొదటి డోసు ఆ నెలలోనే వేయించాం.

మూడో నెల తనిఖీలో, మచ్చ కూడా కనిపించడం లేదన్నారు. ఇప్పటికీ ఉదయాన్నే నోరు తెరిచి ఆ చోటు చూసుకుంటాను. అమ్మ మాత్రం వెంట్రుక కట్టి ఉంటే ఆసుపత్రి ఖర్చు తప్పేదంటోంది.