సీడ్ రాస్తున్నారా? ఎం.డెస్ మొదటి సెమిస్టర్‌లో ఏం నేర్పుతారో ముందు చూడండి

సీడ్ (CEED) అంటే ఐఐటీలు, ఐఐఎస్సీ లాంటి చోట్ల ఎం.డెస్, అంటే డిజైన్‌లో మాస్టర్స్ డిగ్రీ చదవడానికి రాసే ప్రవేశ పరీక్ష. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ దీనికి తయారయ్యే తెలుగువాళ్ళలో బీటెక్ చదివినవాళ్ళు చాలామంది. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌కి అలవాటైన పద్ధతిలోనే దీన్నీ మొదలుపెడతారు. పాత పేపర్లు, మాక్ టెస్టులు, జనరల్ నాలెడ్జ్ పీడీఎఫ్‌లు ముందేసుకుంటారు. పరీక్షలో రెండు భాగాలు. కంప్యూటర్ మీద రాసే పార్ట్-ఎ వరకు ఇవి పనికొస్తాయి, కాగితం మీద గీసే పార్ట్-బి దగ్గర చేతులెత్తేస్తాయి. పార్ట్-బిలో అడిగే స్కెచింగ్, క్రియేటివిటీ, ఫామ్ సెన్సిటివిటీ (రూపాన్ని పట్టే నేర్పు), విజువల్ సెన్సిటివిటీ (కంటికి కనపడేదాన్ని గమనించే నేర్పు), ప్రాబ్లమ్ ఐడెంటిఫికేషన్ (సమస్య గుర్తించడం) అనే ఐదూ ఇండస్ట్రియల్ డిజైన్, అంటే వాడే వస్తువుల రూపకల్పన, ఎం.డెస్ మొదటి సెమిస్టర్ స్టూడియోలో చేయించే పనులకు చిన్న నమూనాలు. అక్కడ ఏం నేర్పుతారో తెలిస్తే ఇక్కడ ఏం సాధన చేయాలో తెలుస్తుంది.

ముందు లెక్క చెప్పుకుందాం. ఇటీవలి పద్ధతిలో పార్ట్-ఎ గంటసేపు, 150 మార్కులకు, కంప్యూటర్ మీద ఉంటుంది. పార్ట్-బి 2 గంటలు, 100 మార్కులు. ప్రశ్నలు తెర మీద కనిపిస్తాయి, జవాబులు కాగితం మీద గీయాలి, రాయాలి. పార్ట్-ఎ కటాఫ్ దాటినవాళ్ళ పార్ట్-బి మాత్రమే దిద్దుతారు. కానీ చివరి స్కోరులో పార్ట్-ఎ వాటా 25 శాతం, పార్ట్-బి వాటా 75 శాతం. స్కోరు ఒక్క ఏడాదికే చెల్లుతుంది. మీరు రాసే ఏడాది బ్రోచర్ తెరిచి ఇవన్నీ మళ్ళీ సరిచూసుకోండి.

పార్ట్-ఎ గురించి ఎక్కువ చెప్పను. ఘనాన్ని విప్పి పరిచిన బొమ్మలు, ఉపరితలాలు లెక్కపెట్టేవి, గేర్లు ఎటు తిరుగుతాయో అడిగేవి, లాజిక్... ఇంజినీరింగ్ చదివినవాళ్ళకు ఇవి కొత్త కావు. న్యూమరికల్ ప్రశ్నలకు నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి వాటిని ఖాళీగా వదలకండి. ఉపరితలాలు లెక్కపెట్టేటప్పుడు వెనక వైపూ అడుగు వైపూ మర్చిపోవడమే అందరూ చేసే తప్పు. పై నుంచి, కింద నుంచి, నాలుగు పక్కల నుంచి అని ఆరు దిక్కులకూ వరుస పెట్టుకుని లెక్కించండి.

ఇక బొమ్మ. డ్రాయింగ్ అంటే అందంగా షేడింగ్ చేయడం అనుకుని రెండు మూడు నెలలు పోర్ట్రెయిట్లు గీస్తూ కూర్చునేవాళ్ళున్నారు. ఇండస్ట్రియల్ డిజైన్‌లో బొమ్మ చేయాల్సిన పని వేరు. లేని వస్తువు ఉన్నట్టు, అది ఎంత పెద్దదో, చేతిలో ఎలా ఇముడుతుందో, ఎక్కడ తెరుచుకుంటుందో ఎదుటివాడికి తెలియాలి. అందుకే స్టూడియోలో మొదటి వారాలు గీతలకూ, పెట్టెలకూ, ఎలిప్స్‌లకూ (దీర్ఘవృత్తాలకూ) పోతాయి. మీరూ అక్కణ్ణుంచే మొదలుపెట్టండి. రోజూ 45 నిమిషాలు చాలు. మొదటి 10 నిమిషాలు స్కేలు లేకుండా, మణికట్టు కాకుండా భుజం కదిలిస్తూ పొడవైన గీతలు గీయండి. రెండు చుక్కలు పెట్టి, చూపును చేరాల్సిన చుక్క మీద నిలిపి, ఒకే ఊపులో కలపాలి. గీతను ముక్కలు ముక్కలుగా తడుముతూ గీస్తే బొమ్మంతా వెంట్రుకలు మొలిచినట్టు కనిపిస్తుంది. దిద్దేవారికి మొదట కనపడేది అదే.

తరవాత 15 నిమిషాలు రెండు వానిషింగ్ పాయింట్ల (దూరం పోయే గీతలన్నీ కలిసే చుక్కల) పర్‌స్పెక్టివ్‌లో పెట్టెలు. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే. రెండు వానిషింగ్ పాయింట్లనూ ఏ4 కాగితం లోపలే ఇరికిస్తారు. దాంతో దగ్గర మూల బాగా సూదిగా వచ్చి, పెట్టె ముందుకు పొడుచుకొచ్చినట్టు అవుతుంది. పాయింట్లు కాగితం బయట, కనీసం ఒక కాగితం వెడల్పు దూరంలో ఉన్నట్టు ఊహించుకోండి. బీటెక్‌లో నేర్చిన ఐసోమెట్రిక్‌ను ఇక్కడికి లాక్కురాకండి. ఐసోమెట్రిక్‌లో దూరపు అంచు చిన్నబడదు, అందుకే మనిషి పక్కన పెట్టిన వస్తువు అతకదు.

మిగతా 20 నిమిషాలు ఎలిప్స్‌లు, చేతులు. గ్లాసు, బకెట్, చక్రం, నాబ్... గుండ్రటిదేదైనా ఎలిప్సే. రెండు సూత్రాలు పట్టుకోండి. ఎలిప్స్ చిన్న అక్షం వస్తువు ఇరుసు దిక్కునే ఉంటుంది. కంటి ఎత్తు నుంచి ఎంత కిందికి పోతే ఎలిప్స్ అంతగా తెరుచుకుంటుంది. అందుకే స్టీలు గ్లాసు అడుగు వంపు దాని అంచు వంపు కంటే నిండుగా ఉంటుంది. అడుగు చదునుగా గీస్తే గ్లాసు బల్ల మీద నిలబడదు. ఎలిప్స్ రెండు కొసలూ గుండ్రంగా తిరగాలి, చేప మూతిలా కోసుకుపోకూడదు. చేతుల విషయంలో వేళ్ళు ఒక్కొక్కటిగా మొదలుపెట్టకండి. అరచేయి ఒక పలక, బొటనవేలు ఒక ముక్క, మిగతా నాలుగు వేళ్ళూ కలిపి ఒక ముక్క అనుకుని పట్టు గీయండి, వేళ్ళు చివర్లో విడదీయండి. మనిషి నిలువెత్తు సుమారు ఏడున్నర తలల ఎత్తు. కుర్చీ కూర్చునే ఎత్తు సుమారు 420 నుంచి 450 మిల్లీమీటర్లు, రాసే బల్ల 720 నుంచి 750. ఈ కొలతలు చేతికి అలవాటైతే మీ బొమ్మలో మనిషి బల్ల ముందు మరుగుజ్జు అవడు.

స్కెచింగ్ కంటే ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది ప్రాబ్లమ్ ఐడెంటిఫికేషన్‌లో. ప్రశ్న సమస్యలు గుర్తించమంటుంది, మనవాళ్ళు పరిష్కారాలు రాస్తారు. సెన్సార్, యాప్, క్యూఆర్ కోడ్ అంటూ. ఎం.డెస్‌లో ఇందుకోసం యూజర్ రీసెర్చ్ అని విడిగా కోర్సే ఉంటుంది. విద్యార్థిని ఒక చోటికి పంపి, ఏమీ కల్పించకుండా, జరిగేది జరిగినట్టు రాసుకురమ్మంటారు. ఆ పని మీరు ఏ దర్శిని (బెంగళూరులో నిలబడి తినే చిన్న హోటల్) దగ్గరైనా చేయవచ్చు. పొద్దున ఎనిమిదిన్నరకు ఒక గంట నిలబడి చూడండి. 'నిలబడి తినడం కష్టం' అని రాస్తే అది సమస్య కాదు, అభిప్రాయం. 'భుజానికి ల్యాప్‌టాప్ బ్యాగు ఉన్నవాళ్ళు కౌంటర్ మీదికి వంగి ప్లేటు అందుకుంటే బ్యాగు ముందుకు జారి సాంబారు గిన్నెకు తగులుతుంది, ఒక చేతిలో టోకెన్ ఉంటుంది కాబట్టి ఆపే చెయ్యి ఖాళీగా ఉండదు' అని రాస్తే సమస్య. ఎవరికి, ఎప్పుడు, ఏం చేస్తుండగా, ఏమవుతుంది, ఎందుకవుతుంది అనే ఐదూ ఒకే వాక్యంలో ఉన్నాయో లేదో చూసుకోండి. 'ఎందుకు' లేని వాక్యం సగం జవాబే.

ఒకే చోట పది సమస్యలు రాయాల్సి వస్తే పదీ ఒకే మనిషివి కాకుండా చూడండి. తినేవాడు ఒకడే కాదు కదా. బల్ల తుడిచేవాళ్ళు, కాఫీ పోసేవాళ్ళు, పిల్లని ఎత్తుకుని వచ్చిన తల్లి, బల్ల అందని పొట్టి మనిషి, ఒక చెయ్యి మాత్రమే వాడగలిగినవాళ్ళు. ఎర్గనామిక్స్ (మనిషి ఒంటికి తగ్గట్టు వస్తువును మలిచే శాస్త్రం) క్లాసులో చెప్పే మొదటి పాఠం ఇదే. 'సగటు మనిషి' కొలతతో చేసిన వస్తువు చాలామందికి అసౌకర్యమే. చెయ్యి అందాల్సిన చోట పొట్టివాళ్ళ కొలత, అంటే 5వ పర్సంటైల్ (నూటికి ఐదుగురు మాత్రమే అంతకంటే తక్కువ ఉండే కొలత) తీసుకుంటారు. తల తగలకుండా దాటాల్సిన చోట పొడుగువాళ్ళ కొలత, అంటే 95వ పర్సంటైల్. బెంగళూరు బీఎంటీసీ సిటీ బస్సులో పైన కడ్డీ ఎంత ఎత్తులో ఉండాలని అడిగితే రెండూ ఢీకొంటాయి. పొట్టివాళ్ళకు అందాలి, పొడుగువాళ్ళ తలకు తగలకూడదు. పట్టుకోవడానికి వేలాడే పట్టీ ఆ గొడవను తీరుస్తుంది. ఇలాంటి ఢీకొనే అవసరాలను పట్టుకోవడమే ఆ ప్రశ్నలో అసలు సరుకు.

ఫామ్ సెన్సిటివిటీకి పుస్తకం కంటే చేతిపని మేలు. డిజైన్ స్కూళ్ళలో చేయించే ఒక పాత అభ్యాసం ఉంది: ఘనాన్ని మెట్టు మెట్టుగా గోళంగా మార్చడం. 60 మిల్లీమీటర్ల ఘనం అంచులన్నీ 30 మిల్లీమీటర్ల రేడియస్‌తో గుండ్రం చేస్తే అది గోళమే అవుతుంది. మధ్యలో ఐదు మెట్లు పెట్టి ఏడు ముక్కలు చేయాలి. 5, 10, 15 అని సమానంగా రేడియస్ పెంచుకుంటూ పోతే వరుస కంటికి సమానంగా కనపడదు. దూరంగా పెట్టి చూసి సరిదిద్దుకోవాలి. అలా దిద్దుకునేటప్పుడే కన్ను తయారవుతుంది. మీకు క్లే చాలు. థర్మకోల్ వాడితే ఫెవికాల్‌తోనే అతికించండి. స్ప్రే పెయింట్, రబ్బర్ సొల్యూషన్ లాంటివి దాన్ని కరిగించేస్తాయి. అట్టతో చేసేటప్పుడు మడత పడాల్సిన చోట ముందు మొండి అంచుతో గీటు పెట్టండి, కాగితం గ్రెయిన్ (లోపలి నారలు సాగిన) దిక్కునే మడవండి. అడ్డంగా మడిస్తే మడత చిట్లి పొరలు లేస్తాయి. కొన్ని సంస్థల స్టూడియో టెస్టులో క్లే, అట్ట, తీగ ఇచ్చి ఏదో ఒకటి చేయమంటారు కాబట్టి ఈ సాధన రెండుసార్లు అక్కరకొస్తుంది.

తయారీ పద్ధతికీ రూపానికీ ఉన్న బంధం తెలియాలంటే మన ఊళ్ళ బొమ్మలే మంచి పాఠం. బెంగళూరు నుంచి మైసూరు దారిలో చన్నపట్న, మన వైపు ఏటికొప్పాక. రెండు చోట్లా అంకుడు కర్రే, రెండు చోట్లా లేత్ (కర్రను గిరగిరా తిప్పే యంత్రం) మీద తిప్పి, రాపిడి వేడికి లక్క కరిగించి రంగు ఎక్కిస్తారు. అందుకే రెండూ గుండ్రటి రూపాలు. కొండపల్లి వాళ్ళది తేలికైన తెల్ల పొణికి కర్ర. ఉలితో చెక్కి, చేతులూ కాళ్ళూ విడిగా చేసి, చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. అందుకే అక్కడ పాలు పితికే మనిషి, అంబారీ ఏనుగు సాధ్యమయ్యాయి. ఏ పద్ధతి ఏ రూపాన్ని ఇస్తుందో ఇంత తేటగా చూపే ఉదాహరణ ఇంకోటి దొరకదు. ఇంటర్వ్యూలో పదార్థాల గురించి అడిగితే దీన్ని చెప్పండి.

ఫ్యాక్టరీ వస్తువులకూ అదే చూపు కావాలి. ఆదివారం కె.ఆర్. మార్కెట్ వైపు దొరికే పాత సామాన్లలో పాడైన టార్చి, మిక్సీ, రిమోట్ కొనుక్కొచ్చి స్క్రూడ్రైవర్‌తో విప్పండి. ప్లాస్టిక్ భాగం లోపలి వైపు చిన్న గుండ్రటి ముద్రలు కనిపిస్తే అవి భాగాన్ని అచ్చులోంచి బయటికి నెట్టే ఎజెక్టర్ పిన్నులవి, అంటే అది ఇంజెక్షన్ మోల్డింగ్ (కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి ఎక్కించి చేసే పద్ధతి). రెండు సగాలు కలిసిన సన్న గీత పార్టింగ్ లైన్. పక్క గోడలు నిలువుగా ఉన్నట్టున్నా 1 డిగ్రీ, 2 డిగ్రీలు వాలి ఉంటాయి. ఆ డ్రాఫ్ట్ లేకపోతే భాగం అచ్చులో ఇరుక్కుంటుంది. గోడ మందం 2, 3 మిల్లీమీటర్ల దగ్గర ఒకేలా ఉంచుతారు. లోపల బలానికి పెట్టే రిబ్ (సన్న పట్టీ) గోడ మందంలో 50, 60 శాతం దాటితే చల్లారేటప్పుడు అక్కడ ఎక్కువ ముడుచుకుని బయటి వైపు గుంట పడుతుంది. దాన్నే సింక్ మార్క్ అంటారు. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే కనపడుతుంది. షాంపూ మూత అతుకు వేల సార్లు వంచినా తెగకపోవడానికి కారణం అది పాలీప్రొపిలీన్ కావడం, ఆ చోట బాగా పలచగా ఉండడం. ప్రెషర్ కుక్కర్ పిడి నల్ల బేకలైట్‌తో చేయడానికి కారణం అది థర్మోసెట్, వేడికి మెత్తబడదు. రోజుకొక వస్తువు విప్పి, విడిభాగాలను గాల్లో వరసగా నిలబెట్టినట్టు ఎక్స్‌ప్లోడెడ్ వ్యూ గీయండి. ఒక్క పనితో స్కెచింగ్, పదార్థాలు, తయారీ మూడూ సాధన అవుతాయి.

పరీక్ష గదిలో 120 నిమిషాలకు ఐదు ప్రశ్నలంటే ఒక్కోదానికి 24. మొదటి స్కెచ్‌కి 45 నిమిషాలు పెట్టి చివరి ప్రశ్న ఖాళీగా వదిలేయడమే పార్ట్-బిలో పెద్ద నష్టం. 20 నిమిషాలకు ఆపేసి ముందుకు పోండి, మిగిలిన 20 నిమిషాల్లో వెనక్కి వచ్చి ముదురు గీతలూ నీడలూ వేయండి. క్రియేటివిటీ ప్రశ్నలో మొదట తట్టిన ఆలోచన అందరికీ తట్టేదే. నాలుగైదు వేలి గోరంత బొమ్మలు గీసుకున్నాకే ఒకటి ఎంచుకోండి.

స్కోరు వచ్చాక అసలు వడపోత మొదలవుతుంది. ఐఐటీ బాంబేలోని డిజైన్ విభాగం ఐడీసీ, ఐఐటీ హైదరాబాద్, ఇక్కడి ఐఐఎస్సీ ఎవరి ఎంపిక వాళ్ళే చేస్తారు. ఐఐఎస్సీ గేట్ స్కోరునూ తీసుకుంటుంది. ఎన్ఐడీకి (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కి) డాట్ అని వేరే పరీక్ష ఉంది. ఇండస్ట్రియల్ డిజైన్ కోసం ఎన్ఐడీ బెంగళూరు ప్రాంగణం అనుకునేవాళ్ళు ముందు అక్కడ ఏ కోర్సులున్నాయో చూసుకోండి. ప్రాడక్ట్ డిజైన్ చెప్పేది అహ్మదాబాద్‌లో. పోర్ట్‌ఫోలియో (మీరు చేసిన పనుల సంకలనం) 12 నుంచి 15 పేజీలు దాటనివ్వకండి. మెరిసే రెండరింగుల కంటే ప్రయత్నించి వదిలేసిన ఆలోచనలు, ఎందుకు వదిలేశారో, అట్టతో చేసిన మాక్-అప్ (నమూనా), దాన్ని నలుగురి చేతికిచ్చినప్పుడు ఏమైందో చూపే పేజీలే బోర్డు సభ్యులు ఆగి చూస్తారు.

ఇంటర్వ్యూకి ఒక వస్తువును నిండా చదువుకుని వెళ్ళండి. ఓటింగ్ యంత్రం మంచి ఎంపిక. బెంగళూరు బీఈఎల్, హైదరాబాద్ ఈసీఐఎల్ తయారుచేస్తాయి, దాని ఇండస్ట్రియల్ డిజైన్ ఐడీసీ అధ్యాపకులు చేశారు. ఓటరు నొక్కే బ్యాలెట్ యూనిట్ మీద 16 గుర్తుల వరకు, గుర్తు పక్కనే నీలం బటన్, నొక్కగానే ఎర్ర దీపం, బీప్ శబ్దం. చదవడం రానివాళ్ళకు గుర్తు, చూపు లేనివాళ్ళకు బ్రెయిలీ అంకెలు. అధికారి దగ్గరుండే కంట్రోల్ యూనిట్ 5 మీటర్ల తీగతో దూరంగా ఉంటుంది. ఎన్నికల సిబ్బంది బస్సుల్లో, ట్రాక్టర్ల మీద మోసుకుపోవడానికి వీలుగా పిడి ఉన్న పెట్టెలో పెడతారు. ఈ ఒక్క వస్తువు మీద వాడేవాళ్ళు, మోసేవాళ్ళు, మోసం చేయాలనుకునేవాళ్ళు అని మూడు వైపుల నుంచి పది నిమిషాలు మాట్లాడగలిగితే, ఆ తరవాత బోర్డు మీ చేతికి ఏ వస్తువు ఇచ్చినా అదే వరుసలో మొదలుపెట్టవచ్చు.