మూడు వేలు దాటకూడదనుకున్నాం

ఈ క్రిస్మస్‌కి పిల్లలిద్దరికీ కలిపి 3,000 దాటకూడదని నేనూ మా ఆయనా ముందే అనుకున్నాం. జగదాంబ సెంటర్‌లో బట్టలకే 2,600 అయిపోయాయి. బాబు 1,450 రూపాయల రిమోట్ కారు పెట్టె పట్టుకుని వదల్లేదు. పోయినేడాది ఇలాగే క్రెడిట్ కార్డు మీద కొనేసి మార్చి దాకా కట్టాం. ఆ టెన్షన్ మళ్లీ వద్దు. పూర్ణా మార్కెట్ వైపు నడిచి 180కి రంగు పెన్సిళ్లు కొన్నాను.

మా అమ్మ పండక్కి ఒక్క గౌనే కుట్టించేది. మరుసటేడు విప్పుకోవచ్చని అంచు లోపలికి నాలుగు వేళ్ల మడత పెట్టించేది. విప్పాక ఆ గీత దగ్గర రంగు కొత్తగా మెరిసేది. నాకదే ఇష్టం.

పండగనాడు చర్చి నుంచి రాగానే బాబు పెన్సిళ్లన్నీ చెక్కేశాడు, నేలంతా పొట్టు. కారు గురించి ఒక్కసారే అడిగాడు. పుట్టినరోజుకి కొంటానన్నాను. నెలకి 200 పోపుల డబ్బాలో దాస్తున్నాను.