పాత ఐ5 ప్రాసెసర్ సిస్టమ్‌లో గేమ్ నత్తనడక (ల్యాగ్): గ్రాఫిక్స్ కార్డు మార్చే ముందు చేసిన పనులు

సిస్టమ్ వివరాలు ముందు చెప్తా. ఐ5-4460 ప్రాసెసర్, హెచ్81 బోర్డు, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్ ఒకటే స్టిక్, జీటీఎక్స్ 1050 టీఐ 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 1 టీబీ హార్డ్ డిస్క్. జీటీఏ ఫైవ్ గేమ్ పెడితే మొదట్లో 55, 60 ఎఫ్‌పీఎస్‌తో (సెకనుకు స్క్రీన్ మీద పడే బొమ్మల లెక్క) హాయిగా నడుస్తుంది, పావుగంట కూడా కాకముందే ఒక్కసారిగా 25కి పడిపోతుంది, మెనూలోకి వెళ్లి కాసేపు ఆగితే మళ్లీ లేస్తుంది. రిపేరు షాపులో అడిగితే కార్డు పాతదైపోయింది, మార్చాల్సిందే అన్నారు. కార్డుకు సత్తా లేకపోతే మొదటి నిమిషం నుంచే లేకపోవాలి కదా, కాసేపు బాగా నడిచి పడిపోవడం ఏంటి?

అందుకే ముందు కొలిచాను. ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుంటే రివాట్యూనర్ కూడా దాంతోపాటే వస్తుంది, గేమ్ ఆడుతుండగానే స్క్రీన్ మూలన అంకెలు కనిపిస్తాయి. ఎఫ్‌పీఎస్ పడిపోయిన టైమ్‌లో కార్డు వాడకం 45 శాతం, వేడి 68 డిగ్రీలు, అంటే కార్డు సగం ఖాళీగా కూర్చుంది. ప్రాసెసర్ మాత్రం 98, 99 డిగ్రీల్లో ఉంది, కనీసం 3.2 గిగాహెర్ట్జ్‌లో తిరగాల్సింది 1.6కి దిగింది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో థర్మల్ థ్రాట్లింగ్ (వేడెక్కి ప్రాసెసర్ తనే స్పీడ్ తగ్గించుకోవడం) దగ్గర ‘యెస్’ అని ఎర్రగా చూపించింది. ఎవరైనా ఇదొక్కటి చూసుకోండి: కార్డు వాడకం 95 పైన ఉండి ఎఫ్‌పీఎస్ తక్కువొస్తే కార్డు చాలట్లేదు, వాడకమే సగంలో ఉంటే జబ్బు వేరే చోట ఉంది.

మాది మిర్యాలగూడ, చుట్టూ రైస్ మిల్లులే. యాసంగి వడ్లు దిగే రోజుల్లో కిటికీ గూట్లో వేలు పెడితే ఊక దుమ్ము అంటుతుంది, అదే క్యాబినెట్‌లోకీ పోతుంది. పైనుంచి చూస్తే ప్రాసెసర్ ఫ్యాన్ శుభ్రంగానే తిరుగుతోంది. ఫ్యాన్ విప్పాక కనిపించింది అసలు సంగతి, కింద హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మ) రేకుల మధ్య దుమ్ము అట్ట కట్టి గాలి దూరే సందే లేదు. పైగా దాన్ని బోర్డుకు బిగించే నాలుగు పుష్ పిన్నుల్లో ఒకటి సరిగ్గా దిగలేదు, ఆ మూల పట్టుకుంటే హీట్‌సింక్ కదులుతోంది.

బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోండి, వదిలేస్తే విపరీతమైన స్పీడ్‌లో తిరిగి బేరింగ్ పోతుంది. ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య ఎండిపోయిన పాత థర్మల్ పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూదితో తుడిచి, కొత్తది బఠాణీ గింజకన్నా కాస్త తక్కువ పెట్టాను. పిన్నులు మాత్రం ఎదురెదురు మూలలవి జతగా నొక్కాలి, టక్‌మని చప్పుడు రావాలి, తర్వాత బోర్డు వెనక తెల్ల కొనలు పూర్తిగా బయటికొచ్చాయో లేదో చూడాలి. నేను బోర్డు బయటికి తీసే చేశాను, క్యాబినెట్‌లో ఉంచి నొక్కితే బోర్డు వంగుతుంది.

ఇప్పుడు అరగంట ఆడినా 75 డిగ్రీలు దాటట్లేదు, ఎఫ్‌పీఎస్ 25కి పడటం పూర్తిగా ఆగిపోయింది. ఈ టెస్టు మధ్యాహ్నం ఎండలోనే చేయండి. గది గాలికన్నా చల్లగా ఏ హీట్‌సింకూ చేయలేదు, మే నెలలో మన దగ్గర గదిలోనే 40 ఉంటుంది, పొద్దున చల్లపూట వచ్చిన అంకెను నమ్ముకుంటే లాభం లేదు. ఎయిర్ కూలర్ గాలి మాత్రం సూటిగా క్యాబినెట్‌కు తగలనివ్వకండి, ఆ తడికి దుమ్ము ఇంకా అంటుకుంటుంది.

తర్వాత ర్యామ్. తమ్ముడు సికింద్రాబాద్ వెళ్తుంటే అక్కడి కంప్యూటర్ సామాన్ల మార్కెట్ సీటీసీలో అదే 1600 స్పీడ్ 8 జీబీ స్టిక్ పాతది తెప్పించా. రెండు స్టిక్కులుంటే డ్యూయల్ ఛానల్, అంటే రెండు దారుల్లో ఒకేసారి డేటా నడుస్తుంది, లెక్క ప్రకారం సెకనుకు 12.8 జీబీ దారి 25.6 అవుతుంది. సగటు ఎఫ్‌పీఎస్ పెద్దగా పెరగలేదు గానీ, సిటీలో కారు తోలేటప్పుడు 31కి దిగేది ఇప్పుడు 42 దగ్గర ఆగుతోంది, చేతికి తేడా తెలుస్తుంది. సీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్‌లో మెమరీ ట్యాబ్ తెరిచి ‘డ్యూయల్’ అని ఉందో లేదో చూసుకోండి.

తర్వాత ఎస్ఎస్‌డీ, అంటే హార్డ్ డిస్క్ కన్నా వేగమైన డ్రైవ్. అది వేశాక ఎఫ్‌పీఎస్ పెరగలేదు, పెరగదు కూడా. లోడింగ్ తగ్గింది, స్పీడ్‌గా వెళ్తుంటే రోడ్డు ఆలస్యంగా ప్రత్యక్షమయ్యే జబ్బు పోయింది. హెచ్81లో డ్రైవ్ తగిలించే సాటా పోర్టుల్లో 6 జీబీపీఎస్‌వి రెండే, మిగతావి 3, కాబట్టి బోర్డు మాన్యువల్ చూసి పెట్టండి.

గేమ్ సెట్టింగుల్లో బొమ్మ అంచులు నున్నగా చేసే ఎంఎస్ఏఏ ఆపి, అదే పని తక్కువ బరువుతో చేసే ఎఫ్ఎక్స్ఏఏ పెట్టా, గడ్డి అల్ట్రా నుంచి హై, దూరపు వస్తువులు చూపించే ఎక్స్‌టెండెడ్ డిస్టెన్స్ సున్నా. మానిటర్ 60 హెర్ట్జే కాబట్టి రివాట్యూనర్‌లో ఎఫ్‌పీఎస్‌ను 60కి కట్టేశా, ప్రాసెసర్ మీద బరువు తగ్గింది.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, నాలుగో జనరేషన్ ప్రాసెసర్లు విండోస్ 11 లిస్టులో లేవు, అందుకే ఈ సిస్టమ్‌లో బ్యాంకు పనులు మానేసి గేములకే ఉంచుతున్నా. ఇక క్యాబినెట్ వెనక 120 ఎంఎం ఫ్యాన్, ముందు జాలీ బిగించాలి, వానాకాలం వడ్లు మిల్లులకు రాకముందే.